చెంగమ్మ రాసుకున్న కథ

చెంగమ్మ అని ఒక పిల్ల ఉండేదంట. ఏడో తరగతి. కాన్పులోనే తల్లి పోయిందని చెప్పేవాళ్లు, నాయన తల్లి, జేజే సాకింది. సాకింది నిజమే గానీ, కోపమొస్తే చాలు, తల్లిని మింగి పుట్టినదానివి అనేదంట. పిల్ల కూడా అదే నిజమనుకునేది. పుట్టినకాణ్ణించి వింటా ఉంటే ఎవురైనా అనుకోరా? అట్లా ఉండగా ఏమైందంటే, ఆ బడికి దశరథయ్య అని కొత్త అయ్యోరొచ్చినాడు. వచ్చీరాంగానే, ఎవురి కథ వాళ్లు రాసుకురండి అన్నాడంట. పిల్లకాయలు రాసుకొచ్చినారు. ఏం రాసినారనుకున్నారు? నా పేరు ఫలానా, మా నాయన సేద్యం చేస్తాడు, నేను డాక్టరునవుతాను. నలభై మందీ డాక్టర్లే అనుకోండి. అయ్యోరు నవ్వి, ఇది గాదు, మీరు పుట్టిన రోజు ఏం జరిగిందో చూసినోళ్లని అడిగి రాయండి అన్నాడంట. అందరూ రాసినారు, చెంగమ్మ మాత్రం తెల్లకాయితం ఇచ్చింది. ఏమ్మా అంటే, నా కథ అందరికీ తెలిసిందే గదా అయ్యోరా, మా అమ్మని మింగి పుట్టినా అనింది. ఆయన తిట్టలా, జాలీ పడలా. "నువ్వు చూసినావా?" అన్నాడు. లేదనింది. "మరి చూసినోళ్లెవురు?"

ఆ మాట పిల్లని పట్టుకునింది. అన్నం తింటా ఉన్నా అదే, గేదెని కడగతా ఉన్నా అదే. చూసినోళ్లెవురు? జేజిని అడిగితే కసిరింది. ఆదివారం ఏరు దాటి, మంత్రసాని మస్తానమ్మ ఇంటికి పోయింది. కాన్పులో పోవడమేంది, నిన్ను ఒళ్లో ఏసుకోని పదకొండు నాళ్లు బతికింది, నీకు పేరు పెట్టింది గూడా ఆమే, ఆనక పాము కరిచి పోయింది అని చెప్పిందంట ఆమె. పిల్ల ఊరుకుంటుందా? "అవ్వా, మా అమ్మ నన్ను ఏ చేత్తో ఎత్తుకునేది?" అనడిగింది. "ఎడం చేత్తో. కుడి చేత్తో ఈగలు తోలతా ఉండె."

ఇంటికొచ్చి రాసింది. జేజికి చదువు రాదు. చింతపండు గింజలు తీస్తా ఉంటే, ఎదురుగా కూచోని చదివి వినిపించింది. జేజి చేతులు ఆగిపోయినాయి. "పదకొండు కాదమ్మే, పన్నెండు. పన్నెండో నాడు పొయ్యిలోకి పుల్లలు తెమ్మని పంపింది నేనే. పచ్చి బాలింతని. అది గూడా రాయి" అనింది. చెంగమ్మ పదకొండు కొట్టేసి పన్నెండు రాసింది. మిగతాది రాసేదానికే పొద్దుగూకింది. ఆనక ఆ పాడుమాట జేజి నోట మళ్లా రాలేదంట.

ఇంకేముంది, మిగతా పిల్లకాయలూ ఇండ్లల్లో చదివి వినిపిస్తే, ఆ ఊరి పెద్దోళ్లంతా బడికాడికొచ్చి, మా పిల్ల రాసింది తప్పు, జరిగింది ఇట్లా గాదు అని అయ్యోరితో తగువు. ఆయన వాళ్లకీ తలా ఒక కాయితం ఇచ్చేవాడంట. ఈ కథ విని మా మనవరాలూ ఒకటి రాసింది లేండి. మా తాత చెప్పే కథల్లో సగం అబద్ధాలని నా మీదే రాసింది. కావచ్చు. ఇది మాత్రం ఆ మిగతా సగంలోది.