మల్లేశ్వరమ్మత్త అడ్డం పెట్టిన బావి

ఏంది మహేంద్రా, కరోనాకు దుకాణాలు మూసింది లాభమా నష్టమా అని ఫోన్లో ఇంకా కొట్లాడుకుంటాండారా? నాకు తెలీదబ్బా. నాకు తెలిసింది మనూరి బావి మూసిన సంగతే. మూసింది గవర్మెంటు కాదు, మా మేనత్త మల్లేశ్వరమ్మ. నువ్వు పుట్టకముందే పోయిందిలే. అప్పుడు ఊరంతటికీ ఒకటే దిగుడుబావి. మెట్లు దిగి, నీళ్లల్లో కాళ్లు పెట్టి ముంచుకునేటోళ్లం. నారికురుపంటే తెలుసునా? కాలికి బొబ్బ లేసి, తెల్లదారం మాదిరి పురుగు బయటికొచ్చేది. పుల్లకు చుట్టి రోజుకింత లాగాల. అదీ ఎప్పుడు? సరిగ్గా తొలకరికి! వాన పడేది, మనిషి మంచంలో. సజ్జ అదును దాటిపోయేది. మా నేలే మంచిది కాదనుకునేటోళ్లం, చూడు. గిద్దలూరు నుంచి హన్నా అని నర్సమ్మ వచ్చి, 'కురుపు కాలు నీళ్లల్లో పెడితే పురుగు పిల్లలు పడతాయి, ఆ నీళ్లు తాగినోళ్లకు ఏడాదికి లేస్తాది. దిగొద్దు, గుడ్డలో వడగట్టి తాగండి' అనింది. అందరూ తలూపినారు. అత్త ఒక్కతే ముళ్లకంప నరుక్కొచ్చి మెట్లకు అడ్డం వేసింది. ఇంక ఎవరైనా పైనుంచి తాడుతో తోడుకోవాల్సిందే.

అయినా ఆ తొలకరికి మళ్లా కురుపులు లేసినాయి. మా నాయనక్కూడా. అత్త మోకాలికీ లేసింది. 'నీళ్లు తోడుకునేకి సగం పొద్దు పోతాంది, పనులు చెడె, కురుపు పోకపాయె, ఏందమ్మే నీ పెత్తనం?' అని కంప లాగేసినారు. నేనూ లాగినాలే, ఇరవై ఏండ్ల పొగరు. 'ఇది నిరుడు తాగిన నీళ్లది నాయనా, ఒక్క ఏడు ఆగండి' అనింది. ఎవరింటారు? అప్పుడు బకెట్టు, తాడు తెచ్చుకోని, ఆ కురుపు కాలు చాపి పైమెట్టు మీద దోవకడ్డంగా కూర్చునింది. వచ్చినోళ్లందరికీ తానే తోడి, పాత చీర గుడ్డలో వడగట్టి పోసింది. పొద్దున్నుంచి సందేళ దాకా, ఏడాది! అరచేతులు పగిలినాయి. సొంత చేను బీడు పడింది.

మరుసటేడు వాన పడింది. నలభై జతల ఎద్దులు ఒక్క పొద్దే కదిలినాయి. మా నాయన ఎనిమిదేండ్లకు తన చేత్తో విత్తినాడు. ఆ ఏడు సజ్జకు కురిచేడు వ్యాపారులు బండ్లు కట్టుకోనొచ్చినారు, మనూరి పేరెరగనోళ్లు! జనం మాత్రం 'దేవర శాంతించింది' అన్నారు. విత్తిన సాయంత్రం నేను అత్త కాడికి పోయినా. 'ఎవరికన్నా లేసిందా?' అనింది. లేదనుకుంటా అత్తా అన్నా. 'అనుకునేదేంది, ఇల్లిల్లూ అడిగిరా పో' అనింది. పోయినా. కడపటిల్లు దాకా అడిగొచ్చి, ఒక్కరికీ లేదత్తా అన్నా. అత్త కొంగు నోట్లో కుక్కుకోని...

సర్లే, ఎండెక్కుతాంది. లెయ్, పోదాం.