ఎన్నో ఆవర్తం?

అలా నవ్వుతూ చూడకు చిగుసా, ఒళ్ళు మండుతుంది. ఫోటోలో కూర్చుని నవ్వడానికేం, ఎవరైనా నవ్వుతారు! ఇదిగో, అన్నం వేడిగానే పెట్టాను. టీ కొంచెం చేదెక్కింది, సర్దుకో.

మీ చెల్లెలు తొకికో మళ్ళీ ఫోన్ చేసింది. "బావగారూ, ఆదివారం సంవత్సరీకానికి అక్క అడిగిన పాట సిద్ధమేనా?" అంటుంది. ఏం చెప్పను? సిద్ధమే అన్నాను.

నువ్వూ నువ్వే! పెళ్ళైనప్పట్నుంచీ నా సంగీతాన్ని ఫ్రిజ్ మూలుగన్నావు. కంప్యూటర్లో కోడ్ రాసి వినిపించేది పాటెలా అవుతుందని మా క్లబ్బువాళ్ళ ముందే పరువు తీశావు. తీరా మంచాన పడ్డాక, ఆ వానల మధ్యాహ్నం, మంచం పైన తాడు మీద ఆరేస్తే నీ మొహం మీద వేలాడుతున్న నా తడి బనీను పక్కకి తోసి, "ఏమండీ, ఇది బావుంది. నేను పోయాక ఇదే వినిపించండి" అన్నావు. నాకెంత సంబరమైందో తెలుసా? నువ్వు పోవడం గురించి మాట్లాడుతున్నావని కూడా తట్టలేదు.

వెంటనే కోడ్ దాచాను. దాచానే! హాస్కెల్ భాషలో రాసిన ప్రోగ్రాం ఎక్కడికి పోతుంది? అందులో ఇచ్చిన అంకె అదే అయితే వచ్చేదీ అదే. ఇవాళైనా, పదేళ్ళ తర్వాతైనా. మనుషుల్లా మాట మార్చదు. ఉద్యోగమంతా ఆ నమ్మకం మీదే చేశాను కదూ?

అది మాట మార్చలేదు, పాపం. స్వరాలు నేను ఎంచలేదు మరి. తాళం తిరిగొచ్చిన ప్రతిసారీ ఒక ఆవర్తం కదా, ఎన్నో ఆవర్తం నడుస్తోందో చూసి, ఆ అంకెనిబట్టి స్వరాల్ని ప్రోగ్రాంనే ఏరుకోమన్నాను. ఆ రోజు అది ఎప్పట్నుంచి నడుస్తోందో ఎవడికి గుర్తు? దాన్నలా వదిలేసి మందులకెళ్ళాను, వంట చేశాను, నీ కాళ్ళు నొక్కాను... ఇప్పుడు మొదట్నుంచి పెడితే ఏదో వస్తుంది. నీది కాదు.

అలాగని పోలేదు, అర్థమైందా? ఆ అంకె దగ్గరికొస్తే తుచ తప్పకుండా అదే వస్తుంది. లోపలే ఉంది. ఎక్కడుందో తెలీదు, అంతే. అందుకే లేస్తూనే పెట్టేస్తున్నాను. పళ్ళు తోముకుంటూ వింటాను, మిసో సూప్ కలుపుతూ వింటాను. పక్కింటావిడ కిటికీ మూసేసుకుంటోంది. మూసుకోనీ!

నిన్న సూప్ కలుపుతుంటే ఏదో వచ్చింది. గరిటె అలాగే ఆగిపోయింది. అంకె చూసుకుని, వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. ఇదే అనిపించింది. ఇంకోసారి విన్నాను. కాదేమో అనిపించింది. సూప్ మాడి గిన్నె నల్లబడింది, నువ్వుంటే చంపేసేదానివి.

చిగుసా, తొకికోకి చెప్పకు. నా బనీను నీళ్ళు నీ నుదుటి మీద పడటం గుర్తుంది. నువ్వు విసుక్కుని తుడుచుకోవడం గుర్తుంది. పాటే గుర్తులేదే నాకు. అప్పుడు నీ మొహమే చూస్తూ ఉన్నాను కదా, పాట వినలేదు.

ఆదివారం ఏదో ఒకటి పెడతాను. వచ్చినవాళ్ళకేం తెలుస్తుంది? బావుందంటారు, ఏడుస్తారు.

తాగు, టీ చల్లారిపోతోంది.