ఆంజనేయప్రసాద్ గారి ఫ్రెంచి వేషం

అమెరికాలోని ట్రాయ్‌లో చలికాలం బజ్జీలు గరాజ్‌లోనే వేయాలి. ఇంట్లో మూకుడు పెడితే పొగ అలారం గోల పెడుతుంది, నూనె వాసన ఉగాది దాకా కర్టెన్లని వదలదు. అందుకని ఆ శనివారం విశ్వనాథం గారి గరాజ్‌లో తలుపు సగం ఎత్తి, గ్యాస్ స్టవ్ చుట్టూ మడత కుర్చీలు వేసుకుని, నల్ల జాకెట్లలో ముడుచుకుని కూర్చున్నారు జనం. జాకెట్ లేనివాడు ఒక్క వినీతే. యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతున్న ఆ కుర్రాడు పల్చటి హుడీలో, స్టవ్‌లో పడకుండా ఎంత దగ్గరికి జరగొచ్చో అంత దగ్గరికి జరిగాడు.

కిందటి నెల ఇదే ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ జరిగినప్పుడు అందరూ జాకెట్లు గెస్ట్ రూమ్‌లో మంచం మీద కుప్ప పోశారు. వెళ్ళేటప్పుడు చూసుకుంటే వినీత్‌ది లేదు. మిగిలిన ఒక్క జాకెట్‌లో వాడిలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. పెద్దవాళ్ళని నిలబెట్టి మీ జాకెట్ ఓసారి విప్పండి, చూస్తాను అని ఎలా అడుగుతాడు? మొహమాటపడి ఊరుకున్నాడు.

అయితే ఆ సాయంత్రం వాడి బెంగ జాకెట్ గురించి కాదు. తెల్లారితే శ్రీవల్లితో కాఫీ. పాట్‌లక్ రోజు మధ్యాహ్నమే ఆ క్లాస్‌మేట్ వాడిని క్యాంపస్‌లో ఒక ఫ్రెంచి సినిమాకి తీసుకెళ్ళింది. ఒకాయన తన పుట్టినరోజుకి ఇంటికి వస్తాడు. లోపల ఇంకెవడో కేక్ కోస్తుంటాడు. పెళ్ళాం పిల్లలతో సహా అందరూ ఆ కోసేవాడే అసలు మనిషి, నువ్వెవరు అంటారు. అంతవరకూ వినీత్ చూశాడు. ముందు రాత్రంతా అసైన్‌మెంట్‌తో కూర్చున్నాడేమో, మళ్ళీ కళ్ళు తెరిచేసరికి లైట్లు వేసేశారు. ఎలా ఉందని ఆ అమ్మాయి అడిగితే, ముగింపుకి ఏడుపొచ్చిందనేశాడు. సరే, మిడ్‌టర్మ్స్ అయ్యాక ఆదివారం కాఫీకి రా, ఆ ముగింపు నీకేం అర్థమైందో చెబుదువుగాని అంది. అప్పట్నుంచీ వాడికి నిద్ర లేదు. నెట్‌లో ఎక్కడ వెతికినా ముగింపు మేం చెప్పం, మీరే చూడండి అని రాసిపెట్టారు.

అందుకే బజ్జీల దగ్గర కథ అక్కడిదాకా చెప్పి, ఈ సినిమా ఎవరైనా చూశారా అని అడిగాడు. అడగకూడని చోట అడిగాడు.

"చూడటమేంటయ్యా," అన్నారు ఆంజనేయప్రసాద్ గారు తిన్న మిరపకాయ బజ్జీ తొడిమ పక్కన పెడుతూ. "ఆ సినిమా వాళ్ళకి కారు స్టార్ట్ చేసిచ్చింది నేనే."

ఆయన కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే ఇంజనీరు. ఆయన నోటికి మాత్రం ఇంతవరకూ ఎవరూ బ్రేకు వేయలేకపోయారు. అదే ఆఫీసులో పనిచేసే దివాకర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇక భోజనాలు ఆలస్యమేనని అందరికీ అర్థమైంది.

"మంచులో రోడ్డు పక్కన కారు ఆగిపోయి ఉంది. ఎవరో పాపం అని జంపర్ కేబుల్స్ తీసుకుని దిగాను. చూస్తే ఫ్రాన్సు నుంచి వచ్చిన డైరెక్టరు, ఏడుస్తున్నాడు. హీరోకి జ్వరమట. ఒక్క షాట్, వెనకనుంచి, వీపు చాలు అన్నాడు. వీపే కదా, పోనీలే అని ఇచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మానిటర్ దగ్గర నిశ్శబ్దం. కెమెరామన్ టోపీ తీసేశాడు. ఇంత అనుమానం ఏ మొహంలోనూ చూడలేదు, ఈ వీపులో చూశానన్నాడు డైరెక్టరు. ఇక నన్ను ఇటు తిప్పక తప్పలేదు."

మరి ఫ్రెంచి ఎలా మాట్లాడారని విశ్వనాథం గారు జల్లిగరిటె ఆపి అడిగారు.

"ఫ్రెంచి ఏముందండీ, సగం అక్షరాలు మింగేయాలి. మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు మనం రోజూ చేసేదే."

వినీత్ ఆశ చావలేదు. "ముగింపు ఏంటి అంకుల్?"

"వస్తున్నా, ఉండు. ఇంతలో అసలు హీరోకి జ్వరం తగ్గి వచ్చాడు. వచ్చి నన్ను చూశాడు, అద్దంలో తనని చూసుకున్నాడు, ఆయనే నేనైతే మరి నేనెవర్ని అని కూలబడ్డాడు. జాలేసింది. నా ఆఫీసు బ్యాడ్జి వాడి మెళ్ళో వేసి, నువ్వు ఆంజనేయప్రసాద్‌వి, పొద్దున్నే స్టాండప్ మీటింగ్ ఉంది, వెళ్ళమన్నాను. వెళ్ళాడు. షూటింగ్ అయ్యేదాకా రోజూ వెళ్ళాడు. ఒక్కడు కనిపెడితే ఒట్టు. ఆ ఏడాది నాకు వచ్చిన రేటింగు అంతకుముందు ఎప్పుడూ రాలేదు."

"ఇది మాత్రం నమ్మొచ్చు," అన్నాడు దివాకర్.

"ఇంటికీ వెళ్ళాడయ్యా. మీ వదినకి తెలియలేదు. భోజనం చేసి గిన్నెలు కడిగాడట, అప్పుడు అనుమానం వచ్చింది."

లోపల పిల్లలకి అన్నాలు పెడుతున్న ఆ వదిన, నమ్రత గారు, ఈ మాట వినలేదు కాబట్టి కథ ఫ్రాన్సుకి సాగింది. అక్కడ హీరో కుక్క ప్రసాద్ గారి కాళ్ళ దగ్గర పడుకుందట. హీరో తల్లి చిన్నప్పుడు నీకు కుడి చెవి నొప్పి ఉండేది కదరా అని చెవిలో నూనె పోసిందట. ఆ మర్నాడే నిజంగా నొప్పి వచ్చిందట.

"ఆ సంగతి చూసి ఊరంతా పట్టుకుంది అనుమానం. నేను నేనేనా అని రొట్టెలవాడు, పోస్టుమాన్, చివరికి మేయరు కూడా వరసలో నిలబడ్డారు. ఎవరెవరో చెప్పండి ప్రసాద్ గారూ అని ఒకటే గోల. మనకు తెలిసిన పద్ధతి ఒకటే కదా, ముందు గోత్రం చెప్పమన్నాను. వాళ్ళకి లేవు. ఏంచేస్తాం, నేనే పంచాను. ఇప్పటికీ ఆ ఊళ్ళో సగంమంది భారద్వాజులే. సంబంధాలు కుదరక అవస్థ పడుతున్నారని మొన్న కూడా ఫోను."

జనం నవ్వుతున్నారు గానీ వినీత్‌కి ఏడుపొస్తోంది. రేపు శ్రీవల్లికి గోత్రాల సంగతి చెప్పలేడు. ముగింపు చెప్పండి అంకుల్ అని మళ్ళీ అడిగాడు.

ప్రసాద్ గారు నూనె చేతులు తుడుచుకోడానికి జాకెట్ లోపలి జేబులో చెయ్యి పెట్టారు. ఈ మధ్య జిమ్‌కి వెళ్ళి ఛాతీ పెరిగి ఈ జాకెట్ బిగుతైందని ఆయన వచ్చినప్పుడే చెప్పారు, అందుకని కాస్త మెలికలు తిరగాల్సి వచ్చింది. బయటికి వచ్చింది మడతపెట్టిన కాగితం నాప్‌కిన్. విప్పితే బాల్‌పెన్‌తో గీసిన బొమ్మ. ఆయన రెప్ప వేసినంతసేపే తడబడ్డారు.

"ఇదిగో, రుజువు లేదనుకున్నారేమో. ఆఖరి రోజున డైరెక్టరు కన్నీళ్ళతో గీసిచ్చిన నా బొమ్మ. ముగింపు షాట్ ఇదే."

టీ ట్రేతో వచ్చిన దమయంతి గారు, విశ్వనాథం గారి భార్య, తొంగిచూశారు. ఉంగరాల జుట్టు కుర్రాడొకడు పక్కవాళ్ళ భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నోట్లో ఒక పాప్‌కార్న్ గింజ.

"మీకు జుట్టెప్పుడుంది అన్నయ్యగారూ?"

"మేకప్ అమ్మా, ఫ్రెంచివాళ్ళ మేకప్."

నాప్‌కిన్ చేతులు మారి వినీత్ దాకా వచ్చింది. మూలన చిన్న చిలక ఉంది. క్లాసులో, క్యాంటీన్‌లో, దొరికిన ప్రతి కాగితం మీదా బొమ్మలు గీసి సంతకానికి బదులు ఆ చిలకని పెట్టేది ఒక్క శ్రీవల్లే. వినీత్ తలెత్తి ప్రసాద్ గారి జాకెట్ జిప్పు చూశాడు. తెగిపోయిన పట్టీ చోట తను తగిలించిన తాళాల రింగు అక్కడే వేలాడుతోంది. సినిమాలో నిద్రపోయానని ఇంతమంది ముందు ఒప్పుకోవాలా, లేక చలికాలమంతా వణకాలా అని ఒక్క క్షణం ఆలోచించాడు.

"అంకుల్, అది నేను," అన్నాడు. "జాకెట్ కూడా నాదే."

దమయంతి గారు లోపలికి వెళ్ళి, గెస్ట్ రూమ్‌లో వేలాడుతున్న ఆ రెండో జాకెట్ తెచ్చారు.

"దీని ఫోటో గ్రూపులో పెట్టి ఎవరిదని అడిగాను కదా అన్నయ్యగారూ. ఇలాంటి గోనెసంచి మనవాళ్ళెవరూ వేసుకోరమ్మా, దానం చేసేయండి అని మీరే రాశారు."

ప్రసాద్ గారు జాకెట్లు మార్చుకున్నారు. గోనెసంచి జిప్పు పొట్ట మీదుగా ఎక్కడా ఆగకుండా మెడదాకా వచ్చింది. ఊరందరికీ ఎవరెవరో చెప్పి వచ్చినవారు తన జాకెట్ తాను గుర్తుపట్టలేకపోయారే అని దివాకర్ తెగ బాధపడ్డాడు. ఆయన జవాబు చెప్పలేదు. ఆయన జవాబు చెప్పకపోవడం ట్రాయ్‌లో అదే మొదటిసారి.

వినీత్‌కి అవేమీ వినపడటం లేదు. వాడు బొమ్మలోని భుజం చూస్తున్నాడు. సినిమా అంతా ఆ భుజం కదపకుండా కూర్చుని, ఒక్క చేత్తో వాడి నిద్ర గీసి, వాడి జాకెట్ జేబులోనే పెట్టింది. వాడు ఏడుపొచ్చిందని కోతలు కోస్తుంటే అంతా తెలిసే విన్నది. తెలిసీ రేపు కాఫీకి రమ్మంది. వాడికి హఠాత్తుగా ఒళ్ళంతా వెచ్చబడింది, జాకెట్ వల్ల మాత్రం కాదు.

కాసేపటికి ప్రసాద్ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, రేపు ఆ అమ్మాయికి ఏ ముగింపు చెబుతావని అడిగారు. సిగ్గుతోనో ఏమో, సాయం చేద్దామనే ఉంది ఆయనకి.

"నిద్రపోయానని చెబుతాను అంకుల్."

ఆయన ఆ మాటని కాసేపు నాలుక మీద పెట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపారు.

"అలా చెబితే ఎవరు నమ్ముతారయ్యా?"