ఖాళీ పెట్టెల మాస్టారు

అదే అంటున్నానండీ లాల్‌సాహెబ్ గారూ, మామిడిచెట్టుకి కట్టడానికి మీకు నా సినిమాలే దొరికాయా? తిరువూరులో పాత సీడీలకి కరువొచ్చిందా? పెళ్ళి సీడీలు లేవా? ఓణీల ఫంక్షన్ సీడీలు లేవా? ఏ ఇంట్లో బీరువా తెరిచినా జలజలా రాలేవి అవే కదండీ!

అబ్బే, మిమ్మల్ని అనట్లేదు. మీరు తోట గుత్తకి తీసుకున్నారు, చిలకలు కాయని బతకనివ్వట్లేదు, మా బావమరిది ప్రేమ్ కిరణ్ సంచీడు బిళ్ళలు తెచ్చిచ్చాడు, మీరు కట్టుకున్నారు. మీ తప్పేముంది? ఆ నిచ్చెన కాస్త గట్టిగా పట్టుకోండి చాలు. పడను లెండి. పడితే మాత్రం ఏంటి? డ్రాయింగ్ మాస్టారు చెట్టెక్కి పడ్డాడని బళ్ళో పిల్లలు ఓ వారం నవ్వుకుంటారు.

ఎండకి తళతళా తిరుగుతున్నాయే, అవన్నీ నేను పాతికేళ్ళ నించి కూడబెట్టినవండీ. బొమ్మల పుస్తకాల్లోంచి తీసిన సినిమాలు, టీవీ సీరియళ్ళు. ముసుగేసుకుని మేడల మీంచి దూకుతుంటారే, వాళ్ళవి. మా ఆవిడ గ్లోరి అయితే 'పైజామా మీద డ్రాయరు తొడుక్కునేవాళ్ళ సినిమాలు' అంటుంది. బంధువులొచ్చినా అలాగే చెబుతుంది. నేను పక్కనే నిలబడి ఇకిలిస్తా. ఏం చెయ్యను మరి, అబద్ధం కాదుగా!

ఎక్కడివంటారా? విజయవాడ పేవ్‌మెంట్ల మీద గొంతుక్కూర్చుని ఏరుకొచ్చినవి. ఆవిణ్ణి చీరల కొట్లో కూర్చోబెట్టి, 'ఇప్పుడే బాత్రూముకెళ్ళొస్తా' అని జారుకునేవాణ్ణి. గంట తర్వాత సంచీ ఆవిడకి కనపడకుండా దాచుకుని తేలేవాణ్ణి. ఇన్నిసార్లు వెళ్తున్నాడు, షుగరొచ్చిందేమోనని ఆవిడ కంగారుపడి నాకు రక్తపరీక్షలు కూడా చేయించింది. చేయించుకున్నా. చెప్పలేకపోయా.

ఆఁ? అన్నీ చూశానా అనా? ఆగండి, అక్కడికే వస్తున్నా.

నిన్న ఆదివారం పూజ అయ్యాక ఖమ్మం నించి నవీన్ కుమార్ అని ఒకాయన మా ఇంటికొచ్చాడు. నాలాంటి పిచ్చోడే. మా వాట్సాప్ గ్రూపులో నేను ఎప్పుడూ అల్మారా ఫోటోలు పెడుతుంటా. అవి చూసి, 'మాస్టారూ, ఒక్కసారి కళ్ళారా చూడాలి' అన్నాడు. అంత మాట అన్నాక ఇంక నేను నేల మీద ఉంటానా? పొద్దున్నే లేచి సీడీల పెట్టెలన్నీ తుడిచా. మరియమాత స్వరూపం తుడిచే మెత్తగుడ్డ ఉంది చూడండి, దాంతోనే. వేరే గుడ్డయితే గీతలు పడతాయి మరి.

ఆయన కూర్చున్నాడు. గ్లోరి పలావు పెట్టింది. నేను లేచి నిలబడి, 'ఇదిగో, రాగి ముసుగు, మొత్తం సీరియలు, రెండు రాష్ట్రాల్లో ఇంకెవరి దగ్గరా లేదు' అని ఓ ఉపన్యాసం దంచి, పెట్టె ఆయన చేతిలో పెట్టా. ఆయన ఎడంచేత్తో జాగ్రత్తగా తెరిచాడు.

లోపల ఏముందీ? ఏమీ లేదు!

ఎక్కడో మార్చి పెట్టుంటాలే అని ఇంకోటిచ్చా. అదీ ఖాళీ. ఇంకోటి. అదీ అంతే. ఆయన పాపం పలావు కెలుక్కుంటూ తలొంచుకు కూర్చున్నాడు. చివరికి, 'పోనీలెండి మాస్టారూ, పెట్టెలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి' అన్నాడు. అది ఓదార్పా, వెక్కిరింతా? రాత్రంతా ఆలోచించినా తేలలేదు నాకు.

గ్లోరిని పిలిచా. ఆవిడ ఏమాత్రం తొణకలేదు. 'పెట్టెల జోలికి రావద్దన్నారు, నేను రాలేదే! ఒక్క పెట్టెకి గీతైనా పడిందేమో చూసుకోండి' అంది. పైగా గరిట చేత్తో పట్టుకుని.

మీరే చెప్పండి, తప్పెవరిది? ఇంట్లో నేనెప్పుడైనా 'నా సినిమాలు' అన్నానా? పెట్టెలు, పెట్టెలు, పెట్టెలు! పెట్టెలు జాగ్రత్త, పెట్టెలు వంగిపోతాయి, పెట్టెల మీద ఎండ పడుతోంది కర్టెను లాగు. మా అమ్మాయి షైని చిన్నప్పుడు ఓ బిళ్ళ మీద పెన్సిల్‌తో గీకితే, 'బిళ్ళదేముందమ్మా, పెట్టె బాగుంటే చాలు' అన్నానంట. అన్నాను. గొప్పగా అన్నాను. ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరూ అనే మాటే అది. గ్లోరి దాన్ని అక్షరాలా మనసులో పెట్టుకుంది. తమ్ముడొచ్చి తోటకి మెరిసేవి కావాలంటే, ఓపిగ్గా కూర్చుని, ఒక్కో పెట్టె తెరిచి, బిళ్ళ తీసి, మళ్ళీ మూసి, వరస తప్పకుండా సర్దేసింది. వరస తప్పకుండానండీ! నేను కూడా అంత శ్రద్ధగా సర్దలేను.

మీరు ఇవి కట్టిందెప్పుడు? పిందెలప్పుడు కదా? ఇప్పుడేమో కోతలవుతున్నాయి. అంటే ఇన్నాళ్ళూ నేను రోజూ తుడిచింది ఖాళీ పెట్టెల్నన్నమాట. గ్రూపులో ఫోటోలు పెట్టింది ఖాళీ పెట్టెలవన్నమాట. వాటికే జనం దణ్ణాలు పెట్టారన్నమాట! ఒక్కటంటే ఒక్కటి తెరిచుంటే తెలిసేది. ఎందుకు తెరుస్తాను? ప్లేయరు పాడై ఏళ్ళయింది. బాగుచేయించడానికి తీసుకెళ్తే, 'ఇంకా ఇది మీ ఇంట్లో ఉందా మాస్టారూ?' అన్నాడు రిపేరు షాపువాడు.

నవ్వండి, నవ్వండి. నిచ్చెన మాత్రం వదలకండి.

అన్నీ అడగనండీ. కాయ చేతికొచ్చే టైములో మీ పొట్ట కొడతానా? ఒక్కటి చాలు. రాగి ముసుగు ఆఖరి బిళ్ళ. దానికోసమే పొద్దున్నే విస్సన్నపేట షేరాటో ఎక్కి వచ్చా. ఎలా ఉంటుందంటే, పైన రాగిరంగు మొహం, సగం వెలుగులో, సగం నీడలో. ఆ నీడ గీయడం ఎంత కష్టమో నాకు తెలుసు. బోర్డు మీద ఎన్నిసార్లు వేసినా నాకు గుమ్మడికాయలా వచ్చేది.

ఆ కొమ్మ ఇటు వంచండి. ఇంకాస్త. ఇదేనా? కాదు... అదేంటండీ, దీని మీద బొమ్మేదీ? దీని మీదా లేదే. దీని మీదా లేదు! ఎండకీ వానకీ పైన రంగంతా ఊడిపోయిందా? అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదండీ. ఇందులో ఏది ఏదో ఎలా తెలుస్తుంది నాకు? ఎవడు ఏ ముసుగోడో ఎలా కనుక్కోను?

సరే. దిగుతున్నా. పట్టుకోండి.

మంచినీళ్ళుంటే ఇప్పించండి. ఇలా కూర్చుంటా కాసేపు.

ఓ మాట చెబుతా, ఎవరితోనూ అనకండి. ఆ ఆఖరి బిళ్ళ నేను చూడలేదు. ఆ ముసుగు వెనక ఎవరున్నారో అందులోనే తేలుతుంది. దానికోసం ఎన్ని ఊళ్ళు తిరిగానో! దొరికిన రోజు బస్సులో ఒళ్ళో పెట్టుకుని, తిరువూరులో దిగేదాకా దాని మీంచి చెయ్యి తియ్యలేదు. అప్పుడు ప్లేయరు శుభ్రంగా పనిచేస్తోందండీ. పెట్టలేదు. రేపు చూద్దాంలే అనుకున్నా. మర్నాడూ అదే అనుకున్నా.

చూసేస్తే ఇంకేముంటుంది చెప్పండి? బడికెళ్ళి పిల్లలకి కుండా, అరటిపండూ గీయడం నేర్పించాలి. సాయంత్రం కూరగాయలు తేవాలి. ఈ మధ్యలో ఎక్కడో ఇంకా తేలని సంగతి ఒకటుంది అనుకుంటే, ఏమో, హాయిగా ఉండేది. అయిపోతుందని భయమేసిందండీ. అంతే.

ఏంటీ? మీ ఫోన్లోనా? పేరు చెబితే వచ్చేస్తుందా? అరె... ఇదే! ఆ మొహమే. ఆఖరి భాగం అని రాసి కూడా ఉంది. తెలుగులోనే! ఉత్తినేనా?

వద్దొద్దు, నొక్కకండి! ఆపండి. ఆపమన్నానా! జేబులో పెట్టేయండి భాయ్. ఇంకోరోజు తీరిగ్గా చూద్దాం.

చూశారా, మళ్ళీ ఇంకోరోజే అంటున్నా. అరచేతిలోకి తెచ్చి పెట్టినా చూడని మనిషికి ఆ బిళ్ళ దొరికితే ఎంత, దొరక్కపోతే ఎంత?

ఆ తూర్పు చెట్ల కింద ఏంటండీ, అన్నీ కొరికేసిన కాయలు? అటు కట్టడానికి సీడీలు చాల్లేదా? మరి చెప్పరేం! ఇంట్లో ఇంకో వరస ఉన్నాయి, సీలు కూడా తియ్యనివి. ఆ ప్లాస్టిక్ కవరు చింపితే నేనేడుస్తానని గ్లోరి వాటిని వదిలేసిందంట. సాయంత్రం తెచ్చిస్తా. పురికొస మీది.

వద్దని ఎందుకండీ బతిమాలతారు, మనస్ఫూర్తిగానే ఇస్తున్నా. ఇన్నేళ్ళకి నా సినిమాలు చూసేవాళ్ళు దొరికారు, చిలకలైతేనేం? నాకంటే అవే నయం. చూశాక భయపడుతున్నాయి.