నా నత్తి, నా వైవా

(వైవా ఇంకాసేపట్లో మొదలవుతుంది. గైడు మేడమ్ గదిలో ఆమె, ఆమె దగ్గర ఎం.టెక్ చేస్తున్న అమ్మాయి.)

"వద్దు మ్... మేడమ్."

"వద్దంటే ఎలా? ముందు చెప్పేది విను. థీసిస్ నీదే, స్లైడ్లు నీవే, మార్కులూ నీవే. మాట్లాడేది మాత్రం రేడియో మాట్లాడతాడు. నువ్వు వాడి వెనకాల నిలబడితే చాలు."

"వెనకాలెందుకు మేడమ్, నేనేమన్నా తోడుపెళ్ళికూతురినా?"

"వెటకారం వద్దు. నీ క్లాస్‌మేటే కదా వాడు. నోరు తెరిస్తే మూయడనేగా మీరంతా రేడియో అంటారు. నీ థీసిస్ వాడికి కంఠతా వచ్చు."

"వాడికి ఎవరి థీసిస్సయినా కంఠతా వచ్చు మేడమ్. వాడిది తప్ప."

"నన్ను నవ్వించకు. ఇవాళ వస్తున్న ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ సంగతి నీకు తెలీదు. ఆయనకి ఓర్మి లేదు. ఇరవై నిమిషాలంటే ఇరవై నిమిషాలే. నువ్వు టైటిల్ చదివేసరికి..."

"ట్... ట్... టైటిల్ చదివేసరికి?"

"అదేనమ్మా... సగం టైం అయిపోతుంది."

"ఇంకో సగం ఉంటుందిగా."

"ఎంత మొండిదానివే నువ్వు!"

"మాట సరిగ్గా రాలేదు మేడమ్. మొండితనమైనా రాకపోతే ఎట్లా బ్... బ్... బతకను?"

"చూడు తల్లీ, నీ మంచికే చెప్తున్నా. రెండేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకున్నావ్. ఎవరో ఒకాయన చిరాకుకి ఆ కష్టమంతా బూడిదలో... అదేనమ్మా... వృథా కావాలా?"

"అయితే కానీండి. క్యాంటీన్లో నేనేం తాగేదాన్నో తెలుసా మేడమ్ మీకు?"

"ఇప్పుడదెందుకు?"

"కాఫీ. కాఫీ వాసనొస్తేనే నాకు కడుపులో తిప్పుతుంది. కానీ ట్... ట్... టీ అనేలోపు వెనకవాళ్ళు ముందుకొచ్చేస్తారు. కాఫీ అని మాత్రం గబుక్కున వచ్చేస్తుంది. బస్సులోనూ అంతే. నేను దిగాల్సిన స్టాపు పేరు 'బ'తో. అది అనలేక, దాని ముందు స్టాపుకి టికెట్టు తీసుకుని, అక్కడ దిగి నడిచేదాన్ని. ఎండలో, వానలో."

"ఇప్పుడూ నడుస్తున్నావా?"

"మానేశా. ఇప్పుడు మ్... మా స్టాపుకే అడుగుతున్నా. టీయే అడుగుతున్నా. లైనంతా ఆగితే ఆగనీ. మా ఇంట్లో వాళ్ళకీ చెప్పేశా, నా మాట నన్ను అననివ్వండని. మా మేనమామ ఉన్నాడు చూడండి, నేను 'బ్... బ్...' అనేసరికి 'బంగారమా? కొనిపెడతాలేవే' అన్నాడు. బంగారం కాదు మామయ్యా, బ్... బకెట్టు, స్నానానికి బకెట్టు లేదు అన్నా."

"నీ అల్లరి బాగానే ఉంది గానీ, మేనమామకి నువ్వంటే ప్రాణం. ఎక్స్‌టర్నల్‌కి కాదుగా."

"మీరు ఇప్పుడు..."

"ఏంటి?"

"ఏం లేదు మేడమ్. వదిలేయండి. అసలు నా థీసిస్ ఏంటి? ఆగడం. అంతే. నా ఏటీఎం కార్డు పోయిన రోజు బ్యాంకుకి ఫోన్ చేస్తే మిషన్ 'మాట్లాడండి' అంది. బ్లాక్ చెయ్యమందామని 'బ్... బ్...' అంటున్నా, 'మీరేమీ మాట్లాడలేదు, ధన్యవాదాలు' అని పెట్టేసింది. ధన్యవాదాలట! ఒళ్ళు మండిపోయింది నాకు. కాస్త నిశ్శబ్దం వస్తే చాలు, మనిషి మాట అయిపోయిందనుకుంటుంది దొంగ మొహంది. నేను తయారుచేసిన మిషన్ అట్లా అనుకోదు. ఆగుతుంది. దానికి ఆగడం నేర్పి, నేను వెళ్ళి రేడియో వెనకాల దాక్కోనా?"

"నువ్వన్నది న్యాయమే. లోకం న్యాయంతో నడవదు. సరే, అది తర్వాత చూద్దాం. నాలుగో చాప్టర్లో ఆ... అదేనమ్మా... ఆ బొమ్మ ఉంది చూడు."

"చుక్కల బొమ్మా?"

"అదే. నత్తి లేనివాళ్ళ గొంతులన్నీ ఓ దగ్గర, ఉన్నవాళ్ళవి ఇంకో దగ్గర. బాగుంది. ఒక్క చుక్క మాత్రం ఇటుండాల్సింది అటు వెళ్ళింది. అది మిషన్ తప్పు. తీసెయ్."

"అది ఎవరి గొంతో మీకు తెలుసా?"

"ఎవరిదైతే ఏం? తప్పు తప్పే."

"తెలుసా మేడమ్?"

"నా క్లాసు రికార్డింగు. తెలుసు."

"నేనూ ముందు మ్... మిషన్ తప్పనే అనుకున్నా. మీలా ధారాళంగా మాట్లాడేవాళ్ళు ఈ డిపార్ట్‌మెంట్‌లోనే లేరు. నత్తి లేనివాళ్ళ నమూనాగా ఉంటుందనే మీ క్లాసు తీసుకున్నా. మళ్ళీ మళ్ళీ నడిపించా. ఎన్నిసార్లు నడిపించినా మిమ్మల్ని తెచ్చి మా గుంపులోనే వేసింది."

"ఇక చాలు."

"అప్పుడు కూర్చుని విన్నా. మీరు 'అదేనమ్మా' అంటారు చూడండి..."

"అది ఊతపదం. అందరికీ ఏదో ఒకటి ఉంటుంది."

"మేం దాన్ని వెక్కిరిస్తాం కూడా, సారీ మేడమ్. కానీ మీరు ఊరికే అనరు. 'ప'తో మాట రాబోతే అంటారు. 'అదేనమ్మా' అని, ఆ మాట వదిలేసి ఇంకో మాట అందుకుంటారు. పరీక్ష అనరు, టెస్ట్ అంటారు. ప్రశ్న అనరు, డౌటు అంటారు. రెండేళ్ళ నుంచీ మీ దగ్గరున్నా, ఒక్కసారి కూడా నన్ను పేరు పెట్టి పిలవలేదు. నా పేరు 'ప'తో కదా."

"తప్పు. ఇందాకే అన్నాను. నువ్వంటే ఏదో అన్నాను, మేనమామకి..."

"అన్నారు. 'ప్రాణం' అని. మాటల ఊపులో ఒక్కోసారి జారి వచ్చేస్తుంది మేడమ్. నాకూ అంతే. అందుకే ఆశ్చర్యపోయి మధ్యలో ఆగిపోయా."

"బయటికి నడువు."

"మేడమ్..."

"నేను ఈ ఉద్యోగంలో చేరి ఎన్నేళ్ళయిందో తెలుసా నీకు? ఒక్కరూ కనిపెట్టలేదు. మా ఆయన కనిపెట్టలేదు! నువ్వెవరు చెప్పడానికి, నీ మిషనెవరు?"

"ఆయనకి తెలిస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. ఏమీ కాదని నాకూ తెలుసు. అయినా భయం. చిన్నప్పుడు క్లాసులో లేచి ఒక... అదేనమ్మా... ఒక..."

"నేను అనను మేడమ్. మీరే అనండి. ఆగుతా."

"...నాలుగు లైన్లు, అప్పజెప్పమన్నారు. మాట రాలేదు. క్లాసంతా నవ్వింది. టీచరూ నవ్వింది, అది మర్చిపోలేను. ఇంటికొచ్చి నిఘంటువు ముందేసుకుని, రాని మాటకల్లా బదులు మాట వెతుక్కున్నా. ఆ తర్వాత ఎవ్వరూ నన్ను చూసి నవ్వలేదు."

"అలిసిపోలేదా?"

"నిద్రలో కూడా వెతుక్కుంటానే తల్లీ. నిద్రలో కూడా."

"ఆ చుక్క నిన్ననే తీసేశా మేడమ్. ఇవాళ ఇచ్చే కాపీల్లో లేదు."

"తీసేశావా? మరి ఇంతసేపూ..."

"మిమ్మల్ని అడక్కుండా వాడటం నా తప్పు. మీ గొంతు మీది. దాన్ని అడ్డం పెట్టుకుని బ్... బ్... బేరమాడే రకాన్ని కాదు. కానీ నా వైవా నాది. అది రేడియోకివ్వను, ఎవ్వరికీ ఇవ్వను. ఆయన ఫెయిల్ చేస్తే చెయ్యనీండి. ఫెయిలైనా నా నోటితోనే అవుతా."

"మేడమ్, లోపలికి రావచ్చా? ఎక్స్‌టర్నల్ గారొచ్చేశారు, బిస్కట్లు కూడా అయిపోయాయి, వాచీ చూసుకుంటున్నారు, నేను రెడీ, స్లైడ్లు రెడీ, మైకు ఒకటి కీచుమంటోంది గానీ..."

"రేడియో, ఆగరా. నేనే మ్... మ్... మాట్లాడుతున్నా."

"హమ్మయ్య! రెండు రోజులుగా నీ థీసిస్ చదివి నా బుర్ర వాచిపోయిందే. మేడమ్ చెప్పారని ఒప్పుకున్నా గానీ, నీ మాట నేను చెప్తే ఏం బాగుంటుంది, నా మొహం! ఏం మేడమ్? మేడమ్?"

"నడవండి. వస్తున్నా."

(సెమినార్ హాలు. ముందు వరసలో ఎక్స్‌టర్నల్.)

"ఊఁ, మొదలెట్టమ్మా."

"నమస్కారం సార్. నా థీసిస్ ట్... ట్... ట్..."

"టైటిల్. తెర మీద కనబడుతోందిలే. తర్వాత?"

"నేను చెప్తా సార్. మ్... మ్... మాట మధ్య..."

"మాట మధ్య నిశ్శబ్దం. చదివానమ్మా. తర్వాత స్లైడు?"

"మీరు ఆగితే నేను చెప్తా సార్."

"నేనాగితే స్టేషన్లో నా బండి ఆగుతుందా? ఇందాక గలగలా మాట్లాడాడే, ఆ కుర్రాడేడీ? అతను చెప్పేస్తాడు. పాపం, నీకెందుకమ్మా ఈ అవస్థ?"

"పాపమేం లేదు సార్. బ్... బ్... బండి మీది, పరీక్ష నాది. నా పరీక్ష నేనే రాసుకుంటా."

"విన్నారా మేడమ్, ఎంతలేసి మాటలంటోందో! గైడు మీరు. మీది మంచి వాగ్ధాటి అని అందరూ అంటారు. మీరే రెండు ముక్కల్లో చెప్పేయండి, సంతకం పెట్టేసి వెళ్తాను."

"ప్... ప్... ప్..."

"ఏంటి మేడమ్?"

"ప్... ప్..."

"బాగుంది! మీరు కూడా ఆ పిల్లని వెక్కిరిస్తున్నారా?"

"వెక్కిరింపు కాదు సార్. చిన్నప్పట్నుంచీ... కాదు, ప్... ప్... పుట్టినప్పట్నుంచీ నాకూ నత్తే. మీ బండి ప్... పోతే ప్... పోనీండి, కూర్చుని వినండి."