అంగడి కెమెరా డిస్కు

చింతామణి బస్టాండు దగ్గర ఆనంద్‌కుమార్ కంప్యూటర్ అంగడి. బాగేపల్లి నుంచి వచ్చిన వెంకటలక్ష్మమ్మ పాత హార్డ్ డిస్కును సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి పావుగంటయింది. దాన్ని పెట్టి కంప్యూటర్‌కు తగిలించే కేసు కొనడానికి వచ్చిన మనిషి, దాని మీద నుంచి మాత్రం చెయ్యి తీయడం లేదు.

"చిన్నది పట్టదమ్మా. ఎన్నితూర్లు చెప్పల్ల? ఇది ల్యాప్‌టాప్ డిస్కులకు. మీది సీసీ కెమెరా డబ్బాలోది, పెద్దది. చూడండి, సగం బయటే ఉండాది."

"మా సహన కేసు తీసుకో అనింది. చిన్నదా పెద్దదా చెప్పలేదప్పా."

"ఈ రెండిట్లో ఒకటి చూడండి. ఇది ప్లాస్టిక్, ఇది అల్యూమినియం. దేనికైనా అడాప్టర్ వేరే పెట్టల్ల, లేకుంటే డిస్కు తిరగదు. పాతది కదా, తొందరగా వేడెక్కతాది. అల్యూమినియందే తీసుకోండి."

"వేడెక్కితే ఏమవుతాది?"

"డిస్కు పోతాది."

"అయితే ప్లాస్టిక్‌దే ఇయ్యి."

"అదేందమ్మా! నేను చెప్పేదేంది, మీరు అడిగేదేంది? అయినా దీనికోసరం బాగేపల్లి నుంచి ఇంత దూరం వచ్చినారా? ఆడ దొరకలేదా?"

"దొరకతాది... ఆడ అందరూ ఎరుకైనోళ్ళు."

"కెమెరా డిస్కు గదా, మీ అంగట్లో దొంగతనం గినా జరిగిందా?"

"లేదు, లేదు. మా యజమానులు, అదే మా ఇంటాయన, పోయినారు. పదైదు దినాలాయ. అంగట్లోనే."

"అయ్యో... తెలీక అడిగితినమ్మా. కూకోండి, కూకోండి."

"కూకునేకి లేదు, బస్సుండాది. సహన మా కూతురప్పా, బెంగళూరులో పని. నాయన కడాకు ఎట్లుండెనో చూడల్ల అంటాంది. ఆయన పోయిన మర్నాడే కరెంటు ఎక్కువొచ్చి కెమెరా డబ్బా కాలిపాయ. లోపల డిస్కు బాగుంటాది, కేసు తెచ్చిపెట్టు, ఆదివారం వచ్చి చూస్తా అనింది. డబ్బా కాలిందంటే ఇదీ కాలిపోయుంటాది గదా?"

"అట్లేమీ ఉండదు, భయపడొద్దండి. ఇట్లియ్యండి, తగిలించి చూస్తాం."

"ఇప్పుడా? వద్దులే. ఊరికే నీకు శ్రమ."

"రెండు నిమిషాలు. చెయ్యి తియ్యండమ్మా... చెయ్యి తియ్యండి. ఆ. అదిగో, తిరగతాండాది, సద్దు ఇనండి. గట్టి డిస్కు."

"కాలిపోలేదా?"

"ఏమిటికి కాలతాది! అయితే ఇది చూడండి. ఫార్మాట్ చెయ్యల్లా అని అడగతాండాది. కెమెరా డిస్కును కంప్యూటర్‌కు పెడితే ఇట్లే అడగతాది. ఇంట్లో అడిగినా క్యాన్సెల్ ఒత్తల్ల, మీ సహనకు మరవకుండా చెప్పండి. దీన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ వేరే ఉండాది, పేరు రాసిస్తా."

"అది గాకుండా రెండోది ఒత్తితే?"

"ఉండేదంతా తుడుచుకోని పోతాది."

"అంతా?"

"అంతా. దానికే చెప్తాండా, పోనీండి, ఒత్తేది లేదు."

"దాంట్లో మాటలు వినిపిస్తాయాప్పా?"

"మాటలు రావు. ఇట్లాంటి పాత కెమెరాలకు మైకు ఉండదు. బొమ్మ ఒకటే. పైన టైము గూడా పడతాది. ఎన్ని గంటలప్పుడు జరిగిందమ్మా?"

"ఆరున్నరకు ఎదరొమ్ము పట్టుకునె. నేను గ్యాస్ అనుకుంటి. సోడా తాపించి బస్తాల మీద పండబెడితి. సంత దినమప్పా, అంగడి నిండా జనం."

"ఎంతసేపుండారు అట్ల?"

"ఏడుంబావు దాకా."

"ముప్పావు గంటా!"

"సహనకు అట్ల చెప్పలేదు. క్షణంలో పోయినారు, నొప్పే తెలీలేదు అని చెప్పితి."

"ఆస్పత్రికి..."

"జనం పల్చనైనాక పోదామనుకుంటి. పప్పు తూచితి. బెల్లం తూచితి. ఆయప్ప ఆపక్క మూలగతాంటే ఈపక్క నేను చక్కెర పొట్లం కడతాంటి. గూళూరోళ్ళు అడిగిరి, శెట్టికి ఏమాయ అని. గ్యాసు, ఎప్పుడూ ఉండేదే అని నగితి. నగితినప్పా. అదీ ఉంటాది గదా దాంట్లో?"

"ఉంటాది... రోంతసేపు అంగడి మూసింటే బాగుండునమ్మా."

"దీపం పెట్టినాక షట్టర్ దించగూడదు. లక్ష్మి ఎనక్కి తిరిగిపోతాది. మా మామ కాలం నుంచీ ఒకనాడూ దించలేదు. ఆ పొద్దు మా ఇంటాయనే చెప్పె, దించొద్దు అని."

"ఆయనే చెప్పినారా?"

"ఆయనే."

"అట్లయితే మీరేం చేస్తారు? ఆయన మాటే విన్నారు. మీ సహన చూసినా అర్థం చేసుకుంటాది. ఏడవొద్దండి. ఇదో, క్యాన్సెల్ ఒత్తతాండా, కేసుతో సహా కట్టిస్తా."

"ఆగు. ఒత్తొద్దు."

"ఏమమ్మా?"

"ఆయన దించొద్దనలేదప్పా. మాట పడిపోతే, షట్టర్ దించు, షట్టర్ దించు అని మూడు తూర్లు చెయ్యెత్తి చూపించె. దీపం పెట్టినాము, ఓర్చుకో అని కసిరింది నేను. మూడో తూరి ఆ చెయ్యి సగం లేచి పడిపాయ. ఆ చెయ్యి నా బిడ్డ చూడగూడదు. ఫార్మాట్ ఒత్తు నాయనా."