గేటు దగ్గర మొహం

ఫోటో స్టూడియో వెనక డార్క్‌రూమ్. ఫిల్మ్ కడిగే పెద్దాయన, అప్పుడే లోపలికొచ్చి తలుపు గడియ పెట్టిన ఆయన భార్య.

"మందు పోయకండి."

"ఇరవై డిగ్రీలకు వచ్చింది. ఇప్పుడు పోయకపోతే మళ్లీ..."

"పోయకండి అంటున్నానా."

"ముందు గదిలో ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడే. ఫిల్మ్ చేతిలో పడితే గానీ కదలనన్నాడు."

"టీ ఇచ్చొచ్చా. ఆయన కళ్లు ఈ తలుపు మీదే ఉన్నాయి."

"నీకెందుకు కంగారు? కాలింది ఫ్యాక్టరీ. మేడ మీంచి ఫోటో తీసింది నేను."

"అందులో ఏం పడింది?"

"పొగ. జనం. వెనక గేటు."

"గేటు దగ్గర?"

"ఎవడో. లోపల మనుషులుండగానే తాళం వేస్తున్నాడు."

"మొహం పడిందా?"

"అంత దూరంలో నాకేం తెలిసింది. ఫిల్మ్ మీద నువ్వుగింజంత ఉంటుంది. గ్రెయిన్ లేవకుండా, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు రాకుండా కడిగితే, ఎంత పెద్దది చేసినా కళ్లూ ముక్కూ తెలుస్తాయి."

"తమ్ముడు ఫోన్ చేశాడండీ."

"ఎప్పుడు?"

"పొద్దున. తాళం సంగతి నా మెడకు చుట్టుకుంటుందక్కా అన్నాడు. ఒకటే ఏడుపు. పెట్టేశాడు."

"ఇంకేమీ అనలేదా?"

"మళ్లీ చేస్తే తీయట్లేదు. వాడు ఆ గేటు వాచ్‌మన్ అండీ."

"నాకు తెలీదా."

"భయంగా ఉంది. ఆ మొహం వాడిదేనేమో."

"లోపల ముగ్గురు పోయారే."

"తెలుసు. తెలుసండీ. మీ కాళ్లు పట్టుకుంటా, గ్రెయిన్ లేపండి."

"ముప్పై ఏళ్లలో ఒక్క ఫిల్మూ నేను..."

"ఆ ముప్పై ఏళ్లూ నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారుగా. మందు వేడెక్కకూడదు, తెగ ఊపకూడదు, వేడిలోంచి తీసి చన్నీళ్లలో వేయకూడదు. ఇవాళ అవన్నీ చేయండి."

"ఇన్‌స్పెక్టర్ పసిగడితే?"

"థర్మామీటరు పాడైందనండి. వయసు మీదపడింది, పొరపాటు జరిగిందనండి."

"సరే. మందు వేడెక్కాలి, వేడినీళ్లేవి?"

"ఇదిగో, ఫ్లాస్కులో వేడినీళ్లు."

"మందులో కలిపి, ఫిల్మున్న ట్యాంకులో పోశాను. ట్యాంకు మూత గట్టిగా పట్టుకో. ఊపు."

"చాలా?"

"ఇంకా. ఇంకా ఊపు. ఇప్పుడు ఆ ఐసునీళ్లు ఇటివ్వు."

"అయిందా?"

"ఉండు, బొమ్మ నిలబెట్టే ఫిక్సర్ పోశాను. కాసేపు ఆగాలి."

"ఆయన కుర్చీ జరిపాడు. విన్నారా?"

"విన్నాను. భూతద్దం ఇవ్వు."

"ఏమైంది? మొహం ఉందా? చెప్పరేం?"

"ఇసుక. గేటూ ఇసుకే, మనిషీ ఇసుకే. కన్నతల్లి చూసినా గుర్తుపట్టదు."

"హమ్మయ్య."

"ఉష్. తలుపు కొడుతున్నాడు."

"పెద్దాయనా, ఇన్‌స్పెక్టర్‌ని. కాస్త త్వరగా కానివ్వండి. తాళం వేసింది మేనేజరేనని మీ బావమరిది స్టేషన్లో మొత్తుకుంటున్నాడు. మేనేజరేమో వీడే వేశాడంటున్నాడు. మీ ఫోటోలో ఆ మొహం తప్ప మీవాడికి ఇంకో సాక్ష్యం లేదు."